ఆచారమా? అణచివేతా?

పరాయి దేశపు ఆచారం మన మనసును నొప్పించినప్పుడు ధమ్మ మార్గంలో నడిచేవారు ఏం చేయాలి? వాళ్ల సంస్కృతి వాళ్లదని ఊరుకోవాలా, తప్పని ముఖం మీదే చెప్పాలా? ఇంగ్లీషు బోధించడానికి థాయిలాండ్ వంటి బౌద్ధ దేశాలకు వెళ్లే మనవారికి ఈ ప్రశ్న తరగతి గదిలోనే ఎదురవుతుంది.

అక్కడ పిల్లలు ఉపాధ్యాయుని ముందు నుంచి వెళ్లవలసి వస్తే నడుము వంచి, తల దించుకుని దాటుతారు. దొరల గడీల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతల మనుమలం మనం. వంగిన వెన్నులో మనకు మర్యాద కంటే ముందు వెట్టి కనబడుతుంది. పరిచయం కాగానే 'మీ వయసెంత?' అని అడుగుతారు. ఇంటిపేరుతో, ఉండే పేటతో మొదలయ్యే ఆరా కులం దగ్గర ఆగడం చూసినవాళ్లం కనుక ఆ ప్రశ్న కూడా ముల్లులా గుచ్చుకుంటుంది. ఇక 'అర్థమైందా?' అంటే తరగతి అంతా తలూపుతుంది. కానీ మరునాడు అడిగితే ఎవరికీ ఏమీ రాదు. పిల్లలు అబద్ధమాడారనిపిస్తుంది.

నిదానంగా అడిగితే తెలిసేది వేరు. థాయి భాషలో తనకంటే పెద్దవారిని 'ఫీ' అని, చిన్నవారిని 'నోంగ్' అని పిలుస్తారు. మన అన్న, తమ్ముడు వంటి పిలుపులే. వయసు తెలియనిదే పిలుపు కుదరదు. పెద్దలు కూర్చుని ఉండగా తలెత్తి దాటిపోవడం అక్కడ అమర్యాద. ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదనే జంకును 'క్రెంగ్ జాయ్' అంటారు. అర్థం కాలేదంటే గురువు సరిగా చెప్పలేదన్నట్టవుతుందని పిల్లలు తలూపుతారు. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు 'అర్థమైందా?' అని అడగడం మాని, పాఠాన్ని ఒకరికొకరు చెప్పుకోమంటాడు.

మజ్ఝిమ నికాయంలో అరణ విభంగ సుత్తం ఉంది. అరణ అంటే కలహం లేనిది. ఒకే పాత్రను ఒక్కో జనపదంలో ఒక్కో పేరుతో పిలుస్తారనీ, మా మాటే సత్యం, మిగిలినవి వ్యర్థం అని పట్టుబడితే కలహం పుడుతుందనీ అందులో బుద్ధుడు భిక్షువులకు బోధించాడు. పరదేశంలో భాష నేర్పేవారికి ఇంతకంటే దగ్గరైన బోధ ఉంటుందా?

అయితే ఆచారం అనగానే తలవంచే హక్కు మనకు లేదు. అంటరానితనాన్ని కూడా ఆచారమనే సమర్థించారు. రాజ్యాంగం 17వ అధికరణ దాన్ని రద్దు చేసింది. మరి మర్యాదకూ అణచివేతకూ తేడా ఎలా తెలుస్తుంది? మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఆ స్థానం పుట్టుకతో వచ్చిందా? అది ఎప్పటికైనా మారుతుందా? వంగేవాడు నిర్భయంగా 'ఎందుకు?' అనగలడా? ఈనాటి 'నోంగ్' రేపు మరొకరికి 'ఫీ' అవుతాడు. కులంలో కిందివాడికి ఆ రేపు రాదు. అలాగని వయసు పేరిట, గురుత్వం పేరిట అవమానాలు జరగవని కాదు. పేదపిల్ల వెన్ను ధనికుని బిడ్డ వెన్ను కంటే ఎక్కువ వంగవలసి వస్తే అక్కడ మౌనం సమ్యక్ వాక్కు కాదు.

సంభాషణకు రెండు దిక్కులూ ఉండాలి. వాళ్ల మర్యాదను మనం తెలుసుకోవాలి, వంగిన వెన్ను మనల్ని ఎందుకు బాధిస్తుందో వాళ్లకూ చెప్పాలి. బుద్ధుని దేశంలో ఇంకా బౌద్ధులున్నారా అని అడిగే పిల్లలకు, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌తో పాటు లక్షల మంది ధమ్మాన్ని ఎందుకు స్వీకరించారో సులువైన ఇంగ్లీషులో చెప్పవచ్చు. వ్యాకరణం కంటే ఆ పాఠం వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

రెండో పక్షం వాదన వినకుండా తీర్పు చెప్పరాదనేది న్యాయశాస్త్రం చదివిన మాకు తొలినాళ్లలోనే నేర్పిన సూత్రం. విన్న తరువాత తీర్పే చెప్పకూడదని మాత్రం ఆ శాస్త్రం ఎక్కడా అనలేదు. ధమ్మమూ అనలేదు. ముందు అడుగుదాం, ఓపికగా విందాం. చెప్పవలసింది ఉంటే, మేలు కోరి, తగిన సమయంలో, మెత్తని మాటతో చెబుదాం.