మృతుల తరఫున బాప్తిస్మం: మేలు చేసే హక్కు ఎవరిది?

ఉపోద్ఘాతం

గతించిన వారికి మేలు చేయాలనే కోరిక అనేక సమాజాల్లో ఏదో ఒక కర్మరూపంలో కనిపిస్తుంది. అయితే స్వీకరించవలసిన వ్యక్తి ఔననడానికీ కాదనడానికీ వీలులేని స్థితిలో ఉన్నప్పుడు, చేసినదాన్ని మేలు అనవచ్చునా? మార్మన్లుగా లోకానికి తెలిసిన యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో మృతుల తరఫున బాప్తిస్మం జరిపే ఆచారం ఉంది. దాని తర్కాన్నీ దానిపై వచ్చిన ఆక్షేపణనూ నైతిక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఆచారం - తర్కం

బాప్తిస్మం లేనిదే రక్షణ లేదని నమ్మే మతానికి ఒక చిక్కు ఎదురవుతుంది. సువార్త చెవిన పడకుండానే మరణించిన అసంఖ్యాకుల గతి ఏమిటి? సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు ఇది సొంత ఇంటి ప్రశ్న కూడా. అతని అన్న ఆల్విన్ 1823లో బాప్తిస్మం పొందకుండానే మరణించాడు. 1840 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణంలో ఒక అంత్యక్రియల సందర్భంగా స్మిత్ ఈ బోధను బహిరంగంగా ప్రకటించాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, 15వ అధ్యాయం 29వ వచనంలో ఉన్న ప్రస్తావన దీనికి లేఖనాధారం. ఆ వచనం ఇలాంటి ఆచారాన్ని విధిస్తున్నదని ఇతర ప్రధాన క్రైస్తవ శాఖలు అంగీకరించవు.

తొలిదశలో ఈ కర్మ మిసిసిపీ నదిలో జరిగింది. తరువాత దేవాలయాల్లో, పన్నెండు ఎడ్ల ప్రతిమలపై నిలిపిన తొట్టిలో జరుగుతున్నది. మృతుని పేరు మీద సజీవుడైన ప్రతినిధి నీట మునుగుతాడు. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ ప్రతినిధి. ఈ కర్మతో మృతుడు తనంతట తానుగా సంఘ సభ్యుడు కాడని, పరలోకంలో అతని ఆత్మ దాన్ని స్వీకరించవచ్చు లేదా నిరాకరించవచ్చునని సంఘం చెబుతుంది. అంటే సమ్మతిని తోసిపుచ్చడం లేదు, వాయిదా వేస్తున్నామన్నది వారి వాదసారం.

ఆక్షేపణ

నాజీ మారణకాండలో హతులైన యూదుల పేర్లు ఈ కర్మకు వాడినట్లు వెల్లడైనప్పుడు తీవ్ర నిరసన వచ్చింది. సభ్యుల ప్రత్యక్ష పూర్వికులైతే తప్ప అలాంటి పేర్లను చేర్చబోమని 1995లో సంఘం యూదు ప్రతినిధులతో ఒప్పందానికి వచ్చింది. అయినా 2012లో ఆన్ ఫ్రాంక్ పేరు, సైమన్ వీజెంతాల్ తల్లిదండ్రుల పేర్లు మళ్ళీ చర్చకు వచ్చాయి.

ఆ బోధ అసత్యమైతే ఇది ఉత్త నీళ్ళు, సత్యమైతే ఉపకారం, ఎటు చూసినా హాని లేదు కదా అన్నది తరచుగా వినిపించే సమాధానం. ఇది హాని ఆత్మకు మాత్రమే కలుగుతుందన్న భావనపై నిలిచిన వాదం. మరణించిన మనిషికి ఈ లోకంలో మిగిలేది పేరు, ఆ పేరును అంటిపెట్టుకున్న కథ. యూదులైనందుకే చంపబడినవారి కథలో యూదత్వం తీసివేయదగిన వివరం కాదు. పైగా ఐరోపాలో బలవంతపు బాప్తిస్మాల చరిత్ర ఉన్న జాతికి ఈ కర్మ ఉత్త నీళ్ళుగా కనిపించదు.

నిరాకరించే స్వేచ్ఛ విషయంలోనూ ఒక లోపం ఉంది. మృతుడు కాదన్నాడనుకుందాం. ఆ మాట ఈ లోకంలో వినేదెవరు? కర్మ జరిగినట్లు నమోదు ఉంటుంది. జవాబు నమోదు కాదు.

జరత్కారూపాఖ్యానం - ఒక పోలిక

మహాభారత ఆదిపర్వంలోని జరత్కారువు కథ ఇక్కడ ఉపకరిస్తుంది. వంశం తెగిపోనున్నందున గోతిలో తలక్రిందులుగా వేలాడుతున్న పితరులను అతడు చూస్తాడు, కారణం అడుగుతాడు. వారు తమ అవసరం చెప్పిన తరువాతే పెళ్ళికి ఒప్పుకుంటాడు. ఇక్కడ అడిగినవారు మృతులే. మూల్యం చెల్లించినవాడు వారి వంశీయుడే. నిజజీవితంలో మృతులు అడగరు. కాని మేలుకు ముందు వినికిడి ఉండాలని, చేసేవాడు ఆ మృతులకు జవాబుదారీ కావాలని కథ సూచిస్తుంది. ఆల్విన్ కోసం స్మిత్ పడిన వేదన ఈ కోవలోనిదే. మానవులందరూ ఒకే కుటుంబమన్న విశ్వాసంతో ఆ వేదనను పరుల మృతులకు విస్తరించినప్పుడే చిక్కు మొదలవుతుంది.

సంఘం నియమాలూ దీన్ని కొంతవరకు గుర్తిస్తాయి. గత 110 ఏళ్ళలో పుట్టినవారి విషయంలో సమీప బంధువు అనుమతి అవసరం. అయితే బంధుత్వమూ సంపూర్ణ పరిష్కారం కాదు. భారతదేశంలో ఈ సంఘపు తొలి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. ఒకే తాతకు ఒక మనుమడు పిండం పెట్టి, మరొక మనుమడు బాప్తిస్మం జరిపించే సందర్భాన్ని ఊహించవచ్చు. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరికీ హక్కు ఉంది. తాత ఏ విశ్వాసంతో బతికాడో అన్న ప్రశ్న మాత్రం ఇద్దరి ముందూ నిలుస్తుంది.

ముగింపు

మృతుల పట్ల ప్రేమ తప్పు కాదు. ఆ ప్రేమ వారి పేరుపై యాజమాన్యంగా మారడం తప్పు. మృతుని జీవితం ఇచ్చిన సాక్ష్యమే అతని చివరి మాట. దాన్ని వినకుండా చేసే మేలు, ఎంత సదుద్దేశంతో చేసినా, చేసేవారి తృప్తిగానే మిగులుతుంది.