వంటింటికి వేరే లైన్లు వేయించు నాయనా

గోడలు లేచాయి, స్లాబు పడింది, గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించావట. చాలా సంతోషం నాయనా. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ గిద్దలూరులో అమ్మానాన్నలకు ఇల్లు కట్టించడం ఈ రోజుల్లో చిన్న సంగతి కాదు. కానీ నీకు తొందరెక్కువ. టైల్సు రంగు కోసం రోజుల తరబడి ఆలోచించావు. వంటింటి కరెంటు సంగతి మాత్రం "రెండు ప్లగ్గులు పెట్టేయన్నా, చాలు" అని ఫోన్లోనే తేల్చేశావు.

రెండు ప్లగ్గులు ఏ మూలకు చాలతాయి? వెనకట వంటింట్లో ఒక బల్బు, మిక్సీకి ఒక ప్లగ్గు ఉంటే గొప్ప. ఇప్పుడో? ఇండక్షన్ పొయ్యి నువ్వే ఆర్డరు పెట్టి పంపావు. కెటిల్, మైక్రోవేవ్ నీ భార్య తెస్తుంది. ఫ్రిజ్జు, గ్రైండరు ఉండనే ఉన్నాయి. మన వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు తెలియంది కాదు, కాబట్టి వాటర్ ప్యూరిఫయరు తప్పదు. చివరికి ఒక ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి అన్నీ దానికే గుచ్చుతారు.

లెక్క చూడు. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 1500 వాట్ల కెటిల్ ఆరున్నర. మైక్రోవేవ్ ఇంకో ఐదారు. పొద్దున్నే పిల్లల బడి వేళకు మూడూ కలిసి నడిస్తే 20 దాటుతుంది. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే అంత మోయలేదు, 6 ఆంపియర్ల చిన్నదాని మాట చెప్పనక్కర్లేదు. కరెంటు రెండింతలైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. కంభం చెరువు కింద వరి పెట్టినవాళ్లనడుగు, ఒక్క బోదె మీద పట్టనన్ని నీళ్లు వదిలితే ఏమవుతుందో. బోదె తెగితే కంటికి కనిపిస్తుంది. గోడలో వైరు కమిలితే కనిపించదు.

ఇంకోటి, ఇది తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది. లోడు మించితే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చి, ఎంసీబీ, మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టించే పెద్దమనుషులున్నారు. అది పడిపోయేది వైరును కాపాడడానికయ్యా! దాని నోరు మూయిస్తే మాడేది వైరే.

అందుకే ఆగమంటున్నాను. ఇండక్షన్ పొయ్యికి మెయిన్ బోర్డు నుంచి నేరుగా ఒక లైను, దానికి దాని ఎంసీబీ. మైక్రోవేవ్‌కు ఒకటి, కెటిల్‌కు ఒకటి. ఫ్రిజ్జుకూ వేరే ఇవ్వు. అది లాగేది తక్కువే, కానీ కెటిల్ చేసిన తప్పుకు ఫ్రిజ్జు ఆగి పాలు విరగకూడదు కదా. మిక్సీ, గ్రైండరు, ప్యూరిఫయరు ఒక లైను మీద సర్దుకుంటాయి. పెద్ద ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కంటే సన్నది వేయనివ్వకు. దూరం ఎక్కువైతే 4 వేయించు. లైట్లకు తెచ్చిన ఒకటిన్నర వైరు మిగిలిందని దాన్నే పొయ్యికి లాగుతానంటే ఒప్పుకోకు. ఖర్చు పెరుగుతుందంటావు. పెరుగుతుంది. హాల్లో ఫాల్స్ సీలింగు లైట్లు ఒక వరస తగ్గించుకో.

ఎర్తు మాట మరీ ముఖ్యం. మన వైపు రాతినేల, ఎండాకాలం తేమ ఉండదు. తేమ లేని నేలలో ఎర్తు సరిగ్గా పనిచేయదు. గుంత లోతుగా తీయించు, వేసవిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయమని నాన్నకు చెప్పు. గుంత తీయడానికి బద్ధకించి న్యూట్రల్‌కే ఎర్తు కలిపేసేవాళ్లుంటారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఫ్రిజ్జు తలుపు పట్టుకున్నవాళ్లకు షాకే. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది పెట్టించు. తడిచేతులతో ఆ వంటింట్లో తిరిగేది మీ అమ్మ.

అన్నిటికంటే ముందు అమ్మ దగ్గర కూర్చో. మార్కాపురం పలక మీ ఇంట్లో ఒకటైనా ఉండకపోదు. దాని మీద వంటగట్టు గీయి. పొయ్యి ఎక్కడ, సింకు ఎక్కడ, మిక్సీ ఏ చేతివైపు, అన్నీ ఆమె చెప్పినట్టే గుర్తులు పెట్టు. సింకును ఆనుకుని ప్లగ్గు వద్దు, పొయ్యి మీదుగా వైరు వేలాడకూడదు. నువ్వు పండక్కి వచ్చి తినిపోయేవాడివి, వండేవాళ్లను అడగాలి. అన్నిటి వాట్లూ కూడి చూడు. కరెంటు బిల్లులో ఉన్న లోడు చాలకపోతే కరెంటాఫీసులో అర్జీ పెట్టు.

ప్లాస్టరింగు మేస్త్రీ సోమవారం వస్తాడంటున్నావు. అతన్ని నాలుగు రోజులు ఆపు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పైపులు వేయించు, రేపటి అవసరానికి ఒక ఖాళీ పైపు వదిలించు, గోడ మూసేలోపు ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకో.