గుడ్డ మీద నీటి బొట్టు

మా పాప పుట్టినప్పుడు, వాడి పారేసే డైపర్లు ఇంట్లోకి రాకూడదని పట్టుబట్టింది నేనే. గుడ్డవి ఇరవై నాలుగు కొన్నాను. ఆఫీసులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సంగతి చెప్పేవాణ్ణి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్క నాకు నోటికొచ్చు. మెషిన్ నిండా వేసి ఉతికి, బయట తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకీ అవే వాడితే గుడ్డల వల్ల పడే కర్బన భారం 40 శాతం దాకా తగ్గుతుంది. ఇంత తెలిసిన నాకు మా ఇంట్లో రోజుకి ఎన్ని గుడ్డలు తడుస్తున్నాయో తెలియదు. ఉతికేది మా ఆవిడ. మూడో నెలలో పుట్టింటి నుంచి వచ్చింది, ఇంకా నడుంనొప్పి తగ్గలేదు.

మియాపూర్‌లో మాది బోరు నీళ్ళ అపార్ట్‌మెంటు. ఆ నీళ్ళకి గుడ్డలు అట్టల్లా బిగుసుకుపోయేవి. పాప తొడలు ఒరుసుకుంటాయని, బట్టలు మెత్తబడటానికి వేసే సువాసన ద్రవం ఒక సీసా తెచ్చాను. "పసిపిల్ల గుడ్డలకి వాసనలెందుకండీ" అంది మా ఆవిడ. నేను వినలేదు. ఆఖరి జాడింపులో ఒక మూతెడు పొయ్యాలన్నాను. ఇల్లు వాసన రాకూడదని మూత బిగుతుగా పట్టే బకెట్ తెచ్చిందీ నేనే.

నెల తిరక్కుండానే గుడ్డలు కారడం మొదలైంది. పక్కంతా తడి. పాప గజ్జల్లో ఎర్రగా పొక్కింది. ఒకరాత్రి రెండింటికి పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, "సరిగ్గా ఉతికితే ఇలా ఎందుకవుతుంది?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పాపని భుజాన వేసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. మర్నాడు ఒక్కో గుడ్డనీ రెండేసి సార్లు ఉతకడం చూశాను. చూసి, నా మాట పనిచేసిందనుకున్నాను.

తెనాలి నుంచి అమ్మ వచ్చి బకెట్ మూత తీసింది. కళ్ళు మండేంత ఘాటు. "ఒరే, ఉచ్చగుడ్డల్ని ఎవరన్నా ఇలా మూతేసి మగ్గబెడతారట్రా? గాలి తగలాలి" అంది. నాకు నాన్న పాత పంచెలు చింపి వేసేదట. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు, చుక్క పడితే చాలు పీల్చేసుకునేదట.

ఆ మాట మనసులో ఉండిపోయింది. టీకా వేయించడానికి అత్తాకోడళ్ళిద్దరూ పాపని తీసుకుని వెళ్ళినప్పుడు, ఆరిన డైపర్ ఒకటి ఒళ్ళో పరుచుకుని గ్లాసులోంచి ఒక బొట్టు వేశాను. బొట్టు ఇంకలేదు. చేమాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలబడింది. గుడ్డని కాస్త వంచితే దొర్లి నా మోకాలి మీద పడింది. ఇంకో గుడ్డ తీశాను, ఇంకోటి తీశాను. అన్నీ అంతే. ఆ ద్రవం నూలు పోగులకి పల్చటి పొరలా పట్టేస్తుంది. గుడ్డ మెత్తగా తగిలేది ఆ పొర వల్లే, తడి పీల్చనిదీ ఆ పొర వల్లే.

వాళ్ళు తిరిగొచ్చేసరికి లోపలి నూలు మడతలన్నీ వేడినీళ్ళలో సబ్బు వేసి ఉతుకుతున్నాను. నాలుగు విడతలకి గానీ నురగ రాని నీళ్ళు చూడలేదు. ఏమైందని ఆమె అడిగితే, "బోరు నీళ్ళ ఉప్పు పేరుకుంది" అన్నాను. సీసా అప్పటికే కింద చెత్తబుట్టలో ఉంది.

ఆ రోజు నుంచి ఉతుకు నాది. దొడ్డికెళ్ళింది అప్పటికప్పుడు టాయిలెట్లో దులిపెయ్యడం, తడిసినవి మూతలేని బకెట్లో పొడిగా వెయ్యడం, రోజు విడిచి రోజు ఉతికి డాబా మీద ఎండకి వెయ్యడం. పసుపు మరకలు ఎండకే వెలిసిపోతాయి. పాప ఒళ్ళు వారానికే చల్లబడింది. మా ఆయన కూతురి గుడ్డలు తనే ఉతుకుతాడని ఆమె అందరికీ చెప్పేది. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి.

ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు. మా ఆవిడకి ఏడో నెల. మొన్న అటక మీంచి ఆ గుడ్డలు దించాం. ఎలాస్టిక్‌లు కొన్ని సాగాయి, నూలు బాగానే ఉంది. ఆమె ఒకటి విప్పి, వేళ్ళతో నిమిరి, మళ్ళీ మడత పెడుతూ అంది: "ఈసారి నేను ముందు నుంచీ జాగ్రత్తగా ఉతుకుతాను లెండి."

ఈ కాగితం మొదట ఆమెకే ఇస్తున్నాను.