రిఫండులో వాటా, పాపంలో వాటా

2025 సెప్టెంబరు 15 ఆదాయపు పన్ను రిటర్నులకు ఆఖరి రోజు. ఫారాలు మారాయని, జులై 31 నాటి గడువును ఆరున్నర వారాలు జరిపి పెట్టిన తేదీ అది. అర్ధరాత్రి దగ్గర పడుతుండగా శాఖ మరొక్క రోజు పొడిగించి, ఆ మార్పు చేసుకోవడానికి పోర్టల్‌ను 12 నుంచి రెండున్నర దాకా ఆపింది. ప్రకాశం బ్యారేజీకి ఇవతల తాడేపల్లిలోనైనా, అవతల విజయవాడలోనైనా జనం ‘ఆడిటరు గారు’ అని పిలిచే కన్సల్టెంట్లకు ఆ సీజను సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెరుచుకోని పేజీ, రాని ఓటీపీ, ఫారం 16లో ఒక అంకె, శాఖ చూపే వార్షిక సమాచార నివేదిక ఏఐఎస్‌లో ఇంకో అంకె. ముందస్తు పన్ను రెండో వాయిదాకూ అదే రోజు గడువు. ఐదు రోజులు పోతే జీఎస్టీ.

ఇవన్నీ ఓపికతో గట్టెక్కే కష్టాలు. 2021లో కొత్త పోర్టల్ ఇంతకన్నా ఎక్కువ ఏడిపించింది. దాన్ని తయారుచేసిన ఇన్ఫోసిస్ సీఈవోను ఆర్థిక మంత్రి పిలిపించి సంజాయిషీ అడిగారు, గడువు డిసెంబరు 31 దాకా పోయింది. పోర్టల్ ఎప్పటికైనా దారికొస్తుంది. ఎదుటి కుర్చీలోంచి వచ్చే మాటకే మందు లేదు: “పోయినేడు మా బావమరిదికి అరవై వేలు వెనక్కొచ్చాయండీ, నాకెంత తెప్పిస్తారు?”

ఆ మాటకు తలొగ్గి రాసిన అబద్ధం చిత్రగుప్తుడి చిట్టాలో ఎవరి పద్దు కింద పడుతుంది?

వాల్మీకి పూర్వాశ్రమం గురించి ప్రచారంలో ఉన్న కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. దారి దోచి తెచ్చింది తిన్న ఆలుబిడ్డలు పాపంలో పాలు పంచుకోబోమన్నారు. అక్కడ చేసినవాడిదే భారం. పెద్దలు చెప్పే ధర్మశాస్త్రపు లెక్క వేరు. చేసినవాడు, చేయించినవాడు, పురిగొల్పినవాడు, సరేనన్నవాడు, ఈ నలుగురికీ సమాన వాటా. జైనులూ చేయడాన్ని, చేయించడాన్ని, ఆమోదించడాన్ని కర్మబంధంగానే చూస్తారు. చిక్కేమిటంటే, రిటర్ను దగ్గర ఈ నలుగురినీ విడదీయడం కష్టం. చెప్పింది ఒకరు, టైపు చేసింది ఒకరు, ఓటీపీ ఇచ్చింది మళ్లీ మొదటివాడు. ఏ గడి నింపితే ఏం తగ్గుతుందో తెలిసింది మాత్రం రెండోవాడికే.

తాడేపల్లిలో ఈ ప్రశ్నకు తనదైన రంగు ఉంది. ఉండవల్లి, పెనుమాక లాంటి గ్రామాల భూములు అమరావతి సమీకరణ పరిధిలోకి వచ్చాయి. భూమి ఇచ్చినవాళ్లకు మూలధన లాభంపై పన్ను లేకుండా 2017 ఫైనాన్స్ చట్టం 10(37ఏ) సెక్షన్ తెచ్చింది. అందులో ఒక షరతుంది: 2014 జూన్ 2 నాటికి ఆ భూమి వాళ్లదై ఉండాలి. ఆ తర్వాత కొన్నవాడికి ఆ మినహాయింపు లేదు. అంటే ఒక్క తేదీ కాస్త వెనక్కి జరిగితే లక్షల పన్ను మాయమవుతుంది. పత్తి, మిర్చి పండే నేల కాబట్టి మరో దారీ ఉంది. వ్యవసాయ ఆదాయంపై పన్ను లేదు కనుక, ఎక్కడిదో చెప్పలేని సొమ్ముకు మిర్చి పంట అని పేరు పెట్టేయొచ్చు. అందుకే ఆ ఆదాయం ఐదు లక్షలు దాటితే పొలం ఏ జిల్లాలో ఉంది, ఎంత ఉంది, సొంతమా కౌలుదా, నీటివసతి ఉందా వర్షాధారమా అని ఐటీఆర్-2 అడుగుతుంది. పంట ఎన్ని క్వింటాళ్లు, ఏ ధరకు అమ్మారు అని అడగాల్సినవాడు కన్సల్టెంటే.

“ఆయన చెప్పింది నేను రాశాను” అన్న జవాబు ఇక్కడే పుడుతుంది. సీజను ముదిరేకొద్దీ దానికి బలం పెరుగుతుంది. గుమ్మం బయట పదిమంది కూర్చుంటే పట్టి పట్టి అడగడానికి తీరికెక్కడిది? ఈ వాదనలో కొంత నిజముంది, కాదనలేం. కన్సల్టెంటు పోలీసు కాదు, వచ్చినవాడి మాట నమ్మకపోతే వృత్తి సాగదు. అడిగితే వాడు లేచి పక్క కొట్టుకు పోతాడు. వకీలు నేరస్తుడి తరఫున నిలబడటం లేదా అనీ అంటారు. కానీ కోర్టులో అవతలి పక్షానికీ ఒక వకీలుంటాడు. బెంగళూరు ప్రాసెసింగ్ కేంద్రంలో యంత్రం చూసే రిటర్నుకు ఎదురు ప్రశ్న వేసే మనిషి చాలాసార్లు ఆ కన్సల్టెంటు ఒక్కడే.

1961 ఆదాయపు పన్ను చట్టం 278వ సెక్షన్ ఇక్కడ ధర్మశాస్త్రానికి దగ్గరగా వచ్చింది. తప్పుడు రిటర్ను వేయడానికి తోడ్పడినవాడికీ అది జైలుశిక్ష పెట్టింది. అబద్ధమని తెలిసి చేసినవాడినే కాదు, నిజమని నమ్మకుండా చేసినవాడినీ ఆ సెక్షన్ పట్టుకుంది. అడిగితే తెలిసిపోతుందని అడగకుండా ఊరుకున్నవాడు, నిజమని నమ్మాననగలడా? కర్మ అంటే సంకల్పమేనన్నాడు బుద్ధుడు. తెలుసుకోకూడదనుకోవడం కూడా సంకల్పమే కదా.

ఇక ఫీజు సంగతి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో లెక్కల అధికారులను ఆషాఢంలో పుస్తకాలు పట్టుకుని రమ్మన్నాడు, వచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్నాడు. రాసేవాడి మీద ఆయన అనుమానం అంతటిది. ఈ కాలంలో ఛార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడాన్ని, అనుమతించిన కొన్ని సందర్భాల్లో తప్ప, దుష్ప్రవర్తన కిందే జమకట్టింది. సీఏ కాని కన్సల్టెంటుకు ఆ కట్టడి వర్తించదు. రిటర్నుకు ఇంతని తీసుకునేవాడికి అబద్ధంతో అవసరం లేదు. రిఫండులో వాటా అడిగేవాడు మాత్రం ఆ క్షణంలోనే చేయించినవాడు, పురిగొల్పినవాడు కూడా అయిపోతాడు.

2025 జులై 14న శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటి మధ్యవర్తుల మీదే. పార్టీలకు ఇవ్వని విరాళాలు, కట్టని వైద్యబీమా, తీసుకోని చదువు అప్పు మీద వడ్డీ, అన్నీ రిటర్నుల్లోకి ఎక్కాయి. అంతకుముందు నాలుగు నెలల్లో 40 వేల మంది తమంతట తామే రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖ చెప్పింది.

సవరణకు చట్టం దారి ఉంచింది. 2022లో వచ్చిన అప్‌డేటెడ్ రిటర్నుకు గడువు ఇప్పుడు నాలుగేళ్లు. ఆలస్యమైనకొద్దీ పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం నుంచి 70 శాతం దాకా కట్టాలి. ప్రాయశ్చిత్తానికి కూడా వడ్డీ పెరుగుతుందన్నమాట! ఆ భారమంతా చెల్లింపుదారుడిదే. రిఫండు వచ్చిన రోజున అందులో వాటా తీసుకున్న మనిషి ఎంత తిరిగివ్వాలో రాసే గడి ఆ ఫారంలో లేదు.