చంక చెప్పే కొలత

అమ్మలూ,

నిన్న నాలుగు బేబీ క్యారియర్ల ఫోటోలు పంపి, "రెండు చేతులూ ఖాళీ కావాలి పెద్దమ్మా, ఏది కొనమంటావు?" అని అడిగావు. ఏదో ఒకటి చెప్పేసి ఊరుకోవడానికి మనసొప్పలేదు. పసికందుల వార్డులో ఇన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని. మూడు నెలల పిల్లాడి మెడ సంగతి, తుంటి సంగతి ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు కదా. ఈ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. మీ అక్క తన ఏడాది పిల్లను ఎలా ఎత్తుకుంటుందో ఓసారి పరీక్షగా చూడు. పిల్ల కాళ్ళు నడుముకి అటొకటి ఇటొకటి ఉంటాయి. మోకాళ్ళు పిరుదుల కంటే కాస్త పైకి ఉంటాయి. అక్క చెయ్యి పిరుదుల కింద పీటలా ఆని ఉంటుంది. ఎవరూ నేర్పకుండానే మన ఆడవాళ్ళకి వచ్చిన పట్టు అది. ఎముకల డాక్టర్లు చెప్పేదీ అదే. పుట్టిన మొదటి నెలల్లో తుంటి కీలు ఇంకా లేతగా ఉంటుంది. తొడ ఎముక తల గుండ్రంగా బంతిలా ఉండి, గిన్నెలాంటి గుంటలో కుదురుకోవాలి. తొడలు ఎడంగా, మోకాళ్ళు పైకి ఉంటేనే అది చక్కగా కుదురుతుంది. కాళ్ళు తిన్నగా చాపి బిగించి చుట్టే అలవాటున్న జాతుల్లో తుంటి తొలగడం ఎక్కువనీ, పిల్లల్ని కాళ్ళు ఎడంగా పెట్టి వీపునో నడుమునో మోసేవాళ్ళలో తక్కువనీ వైద్యులు ఎప్పుడో గమనించారు.

నువ్వు పంపిన వాటిలో మూడోది, ఆ నీలం రంగుది, వద్దు. కాళ్ళ మధ్య గోచీలా సన్నటి గుడ్డే ఉంది. కాళ్ళు కిందికి వేలాడతాయి, బరువంతా గజ్జల మీద పడుతుంది. కూర్చునే గుడ్డ ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా తొడల్ని మోయాలి. పిల్లాడు ఎదిగేకొద్దీ ఆ వెడల్పు పెంచుకునే వీలున్నవి దొరుకుతున్నాయి. వెయ్యి లోపువీ ఉన్నాయి, పదివేలు దాటినవీ ఉన్నాయి. ధర చూసి మంచిచెడ్డలు తేల్చుకోకు.

కాళ్ళ కంటే ముఖ్యమైనది ఊపిరి. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకి మా వార్డులో కంగారూ మదర్ కేర్ చేయించేవాళ్ళం. ఇంక్యుబేటర్లు చాలక 1970ల చివర్లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి అది. బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టి గుడ్డతో కట్టేవాళ్ళం. ఓ మధ్యాహ్నం ఒక తల్లి కుర్చీలో కూర్చునే కునుకు తీసింది. కట్టు వదులై బిడ్డ కిందికి జారింది, గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. నేను అటు వెళ్ళేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు వేళ్ళతో గడ్డం పైకెత్తాను. మూడు నాలుగు ఊపిర్లకి రంగు తిరిగింది. ఏడుపు లేదు, అలికిడి లేదు. పసిపిల్లల ఊపిరి అంత నిశ్శబ్దంగా ఆగిపోతుంది తల్లీ.

అందుకే మీవాణ్ణి క్యారియర్లో వేసుకున్న ప్రతిసారీ గడ్డానికీ ఛాతీకీ మధ్య నీ రెండు వేళ్ళు పట్టాలి. ముఖం నీకు కనబడుతూ ఉండాలి, వంగితే నుదుటి మీద ముద్దు పెట్టేంత దగ్గరగా ఉండాలి. భుజానికి వేలాడే సంచీలాంటి జోలెల్లో పిల్లలు ముడుచుకుపోయి ఊపిరాడక చనిపోయారని, నాలుగు నెలల లోపు వాళ్ళ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలని అమెరికాలో 2010లోనే ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. మనవాడికి ఆ నాలుగు నెలలు ఇంకా నిండలేదు. జోలె రకం మాట మరిచిపో. లోకం చూస్తాడని ముఖం బయటికి తిప్పడం కూడా మెడ బాగా నిలిచాకే, అదీ కాసేపే. నిద్రపోతే వెంటనే నీ వైపు తిప్పుకో.

ఇక నీ ఒళ్ళు. ఆపరేషన్ అయినదానివి, నడుం నొప్పి అంటూనే ఉన్నావు. నడుము పట్టీ వెడల్పుగా, మెత్త పెట్టి ఉండాలి. తుంటి ఎముకల మీద ఆని కూర్చుంటే బరువు కాళ్ళలోకి దిగుతుంది. భుజాలే మోస్తున్నాయంటే పట్టీ సరిగా కూర్చోలేదన్నమాట. కుట్టు దగ్గర ఒరుసుకుంటే మాత్రం కాస్త పైకి కట్టుకో, మీ డాక్టరమ్మని కూడా ఒక మాట అడుగు. భుజం పట్టీలు అల్లుడి కొలతకి కూడా సర్దేలా ఉండాలి. వాణ్ణి మోయడం నీ ఒక్కదాని పని కాదు.

మన ఎండలకి నూలుబట్టదో, గాలాడే జాలీదో తీసుకో. క్యారియరే ఒక దుప్పటితో సమానం, లోపల పల్చటి జుబ్బా చాలు. మధ్యమధ్య వాడి మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమట పడితే తీసెయ్యి.

చేతులు ఖాళీ అయ్యాయి కదా అని పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళకు. పోపు చిట్లితే ముందు వాడి మీదే పడుతుంది. క్యారియర్లో కట్టుకుని స్కూటర్ ఎక్కడం అసలే వద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకి హెల్మెట్, సేఫ్టీ బెల్టు ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి చట్టమే ఉంది. మనవాడు అంతకంటే చిన్నవాడు. కార్లోనూ పిల్లల సీటుకి క్యారియర్ బదులు కాదు.

షాపుకి వాణ్ణి తీసుకునే వెళ్ళు. పాలు తాగాక అరగంట ఆగి, అక్కడే వేసుకుని పావుగంట అటూ ఇటూ నడువు. వాడి వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కు. ఇంకా నీకు దగ్గరికి జరిగితే పట్టీలు వదులన్నట్టు. చేత్తో తలని కాచుకుంటూ కొంచెం ముందుకు వంగు. వాడు నీ ఒంటి నుంచి ఊగుతూ దూరం జరిగితే మళ్ళీ బిగించు. నీ అంతట నువ్వు, ఎవరి సాయం లేకుండా, క్లిప్పులన్నీ పెట్టుకోగలవో లేదో చూసుకో. పగలంతా ఇంట్లో నువ్వొక్కదానివే కదా.

డబ్బు కట్టే ముందు వాణ్ణి అందులో వేసుకుని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీయించి పంపు. గడ్డం, మోకాళ్ళు నేను చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ