అంగడి పేరు పైకి రావాలి... ఏ దారిన?

వ్యాపారాన్ని ఇస్లాం ఏనాడూ చిన్నచూపు చూడలేదు. దైవప్రవక్త ముహమ్మద్‌ (సఅసం) స్వయంగా వర్తకం చేశారు. హజ్రత్‌ అబూబక్ర్‌ (రజి) బట్టల వ్యాపారి. హజ్రత్‌ అబ్దుర్రహ్మాన్‌ బిన్‌ ఔఫ్‌ (రజి) మదీనాకు వలస వచ్చినప్పుడు, అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నా తీసుకోకుండా బజారుకు దారి చూపించమన్నారు. నిజాయితీపరుడైన వర్తకుడు ప్రళయదినాన ప్రవక్తలతో, సత్యసంధులతో, షహీదులతో కలిసి ఉంటాడన్న శుభవార్త తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఇంతటి స్థానం లాభం గడించినందుకు లభించేది కాదు. అబద్ధం చెప్పడానికి అడుగడుగునా అవకాశం ఉన్నచోట నిజం చెప్పినందుకు లభించేది.

నేడు ఆ బజారు రూపు మారింది. పెళ్ళికి వంటవాళ్ళు కావాలన్నా, ఉమ్రా యాత్రకు ట్రావెల్స్‌ కావాలన్నా, మంచి అత్తరు కావాలన్నా ఇంట్లో ఎవరో ఒకరు ఫోను తీసి గూగుల్‌లో వెతుకుతారు. మొదట కనిపించిన నాలుగైదు పేర్లలోనే ఒకటి ఎంచుకుంటారు. మూడో పేజీ దాకా వెళ్ళే ఓపిక ఎవరికీ లేదు. అందుకే ప్రతి వ్యాపారికీ తన వెబ్‌సైటు పైన కనిపించాలన్న ఆరాటం. ఆ పని చేసిపెట్టడమే ఒక వృత్తి అయింది. దాన్ని సెర్చ్‌ ఇంజన్‌ ఆప్టిమైజేషన్‌, క్లుప్తంగా ఎస్‌.ఇ.ఓ. అంటున్నారు. మన పిల్లలు కూడా ఎందరో ఈ కొలువుల్లో ఉన్నారు. కాబట్టి ఇందులో ధర్మమేదో, మోసమేదో తెలుసుకోవడం మన ఇళ్ళకు అవసరమైన విషయమే.

తనను గురించి తాను చెప్పుకోవచ్చా?

కొందరు ధర్మపరాయణులు ప్రచారమంటేనే జంకుతారు. మన సరుకు మంచిదైతే అల్లాహ్‌యే గిరాకీ పంపుతాడు, డప్పు కొట్టుకోవడం ఎందుకంటారు. వారి వినయాన్ని మేము గౌరవిస్తాం. కానీ ఈ మాట పూర్తిగా సరికాదు. హజ్రత్‌ యూసుఫ్‌ (అలై) ఈజిప్టు రాజు ముందు తనను దేశ ధనాగారాలపై నియమించమని కోరారు. తాను వాటిని కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని తానే చెప్పుకున్నారు. యూసుఫ్‌ సూరాలో ఈ సంఘటన ఉంది. ముంచుకొస్తున్న కరవులో ప్రజలకు ఆ సామర్థ్యం అవసరం. దాన్ని దాచి ఉంచితే వారికే నష్టం.

దీన్నిబట్టి రెండు విషయాలు బోధపడుతున్నాయి. ఉన్న గుణాన్ని, అవసరమైనవారికి తెలిసేలా చెప్పుకోవడం తప్పు కాదు. అయితే చెప్పుకున్నది నిజంగా ఉండి తీరాలి. ఎస్‌.ఇ.ఓ.కు కూడా గీటురాయి ఇదే.

లింకు ఒక సాక్ష్యం

అసలు ఈ వెతుకులాట ఎలా పనిచేస్తుందో కొంత తెలుసుకుందాం. 1998లో లారీ పేజ్‌, సెర్గీ బ్రిన్‌ గూగుల్‌ సంస్థను స్థాపించారు. వారి పద్ధతిలో ముఖ్యమైన ఆలోచన ఇది: ఒక వెబ్‌సైటు మరో వెబ్‌సైటుకు లింకు ఇచ్చిందంటే అది మంచిదని చెప్పినట్టు. ఎక్కువ మంది, అందులోనూ పేరున్నవారు, లింకు ఇచ్చిన పేజీ పైకి వస్తుంది. నేడు ఇంకా అనేక అంశాలను లెక్కలోకి తీసుకుంటున్నారు గానీ లింకుకు విలువ పోలేదు.

అంటే లింకు ఒక సాక్ష్యం. మరి సాక్ష్యాన్ని డబ్బిచ్చి కొంటే దాన్ని ఏమంటారు? దైవప్రవక్త (సఅసం) మహాపాపాలను గురించి చెబుతూ, అప్పటిదాకా ఆనుకుని కూర్చున్నవారు, అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా లేచి కూర్చుని ఆ హెచ్చరికను పదే పదే చెప్పారు. ఇక చాలించితే బాగుండునని అనుచరులకు అనిపించేంతగా చెప్పారు. రహస్యంగా కొన్న లింకు, ఊరూపేరూ లేని వందల సైట్లు సృష్టించి వాటి చేత తన సైటుకే ఇప్పించుకున్న లింకు ఈ కోవలోకే వస్తాయి.

అలాగని డబ్బిచ్చి వేయించుకునే ప్రతి ప్రకటనా తప్పు అనలేం. ప్రకటన అని కనిపించేలా రాసి ఉంటే చూసేవాడు దాన్ని ప్రకటనగానే చూస్తాడు. ప్రకటన లింకులకు పెట్టడానికి 2019లో గూగుల్‌ 'స్పాన్సర్డ్‌' అనే గుర్తును కూడా తెచ్చింది. డబ్బు చేతులు మారడంలో దోషం లేదు, ఆ సంగతి దాచడంలో ఉంది.

యంత్రాన్ని మోసగిస్తే పాపమా?

ఈ వృత్తిలో ఉన్న యువకులు ఒక వాదన చేస్తారు. 'మేము మనిషిని మోసగించడం లేదు. గూగుల్‌ ఒక యంత్రం. దానికి కావలసినట్టు పేజీ తయారు చేస్తున్నాం, అంతే' అంటారు.

ఈ వాదనకు జవాబుగా ఒక ఉదాహరణ చూద్దాం. 2006 ఫిబ్రవరిలో జర్మనీ కార్ల సంస్థ బి.ఎం.డబ్ల్యూ. జర్మన్‌ వెబ్‌సైటును గూగుల్‌ తన ఫలితాల నుంచి తొలగించింది. ఆ సైటులో కొన్ని పేజీలు సెర్చ్‌ ఇంజన్‌కు ఒకలా, మనుషులకు మరోలా కనిపించేవి. ఇంజన్‌కు 'పాత కార్లు' అనే అర్థమున్న జర్మన్‌ పదం మాటిమాటికీ వచ్చే పేజీ ఎదురయ్యేది. మనిషి లింకు నొక్కితే వేరే పేజీ తెరుచుకునేది. ఆ పేజీలు తీసేశాక కొద్ది రోజుల్లోనే సైటును తిరిగి చేర్చుకున్నారు.

ఇప్పుడు మదీనా బజారుకు వెళదాం. దైవప్రవక్త (సఅసం) ఒక ధాన్యం రాశి దగ్గర ఆగి, అందులోకి చెయ్యి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ముస్లిం హదీసు గ్రంథంలోని ఈ సంఘటన మనందరికీ తెలిసిందే.

గమనించండి. వాన కురవడంలో ఆ వర్తకుడి తప్పు లేదు. గింజలు తడవడంలోనూ లేదు. ఆయన నోటితో అబద్ధమూ చెప్పలేదు. పైన ఒకటి, లోపల ఒకటి ఉంచాడు. యంత్రానికి ఒకటి, మనిషికి ఒకటి చూపించే పేజీ కూడా అలాంటి రాశే. యంత్రం ఏదీ కొనదు, నష్టపోదు. దాని మాట నమ్మి వచ్చినవాడు నష్టపోతాడు. త్రాసును తారుమారు చేసినవాడు మోసగించింది ఇనుప ముక్కను కాదు కదా!

ఇంట్లో కూర్చుని నొక్కే నక్షత్రాలు

ఇక సమీక్షల సంగతి. కొత్తగా హోటలు పెట్టిన అన్నయ్య కోసం చెల్లెళ్ళు, బావమరదులు, స్నేహితులు అందరూ తలా అయిదు నక్షత్రాలు నొక్కుతారు. అక్కడ ఒక ముద్ద తినకుండానే 'అద్భుతమైన రుచి' అని రాస్తారు. ఇది బంధుప్రేమ అనుకుంటారు. దైవప్రవక్త (సఅసం) 'నజష్‌'ను నిషేధించారు. కొనే ఉద్దేశం లేకుండానే, ఎదుటివాడిని ఉసిగొల్పడానికి సరుకు ధర పెంచి పాడటమే నజష్‌. తినకుండా రాసిన పొగడ్తకు, కొనకుండా పాడిన పాటకు తేడా ఏముంది? రెంటిలోనూ మూడో మనిషి జేబు ఖాళీ అవుతుంది. పోటీదారు దుకాణానికి ఒక్క నక్షత్రం ఇచ్చి చెడ్డ మాటలు రాయడం ఇంకా ఘోరం. అది అభాండం.

లోకంలోని చట్టాలు కూడా ఇప్పుడు ఈ దారికే వస్తున్నాయి. ఆన్‌లైన్‌ సమీక్షలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. అమెరికాలో నకిలీ సమీక్షలను నిషేధించే నిబంధన 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. విశ్వాసికి మాత్రం చట్టం వచ్చేదాకా ఆగవలసిన పని లేదు.

'నేను చేయలేదు, ఏజెన్సీ చేసింది'

చాలామంది వ్యాపారులు ఈ పనిని ఒక ఏజెన్సీకి అప్పగిస్తారు. నెలకు ఇంత అని ఇచ్చి, 'ఎలా చేస్తారో నాకు తెలియదు, పైకి రావాలి' అంటారు. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి. పెన్నీ అనే పెద్ద దుకాణ సంస్థ వ్యవహారాన్ని న్యూయార్క్‌ టైమ్స్‌ పత్రిక బయటపెట్టింది. దుస్తులు, పరుపు దుప్పట్లు, తివాచీల వంటి ఎన్నో వస్తువుల వెతుకులాటలో ఆ సంస్థ నెలల తరబడి మొదటి స్థానంలో కనిపించింది. కారణం, సంబంధం లేని వందలాది సైట్లలో పెట్టిన వేలాది లింకులు. అవి తమకు తెలియకుండా జరిగాయని సంస్థ చెప్పి, తాను పెట్టుకున్న ఎస్‌.ఇ.ఓ. కంపెనీని తొలగించింది. గూగుల్‌ చర్య తీసుకోగానే ఒక పెట్టెల బ్రాండు వెతుకులాటలో ఆ సంస్థ కొద్ది గంటల్లో 1వ స్థానం నుంచి 71కి పడిపోయింది.

తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండాలనుకోవడం వేరు. ఇమామ్‌ అబూ హనీఫా (రహ్మలై) బట్టల వర్తకులు. ఒక బట్టలో లోపముందని, అమ్మేటప్పుడు చెప్పమని తన వ్యాపార భాగస్వామికి సూచించారు. ఆయన మరచిపోయి చెప్పకుండా అమ్మేశారు. కొన్నదెవరో తెలియలేదు. ఇమామ్‌ గారు ఆ సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. తప్పు తన చేత్తో జరగలేదు, ముందే హెచ్చరించారు కూడా. అయినా ఆ డబ్బును తన ఇంటికి రానివ్వలేదు. ఏజెన్సీకి డబ్బు కట్టే ప్రతి వ్యాపారీ ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. ఏం చేస్తున్నారో అడగాలి. రాతపూర్వకంగా చెప్పమనాలి.

ఆ ఏజెన్సీలో పనిచేసే యువకుడికీ ఇదే వర్తిస్తుంది. మంచిలో సహకరించుకోండి, పాపంలో సహకరించుకోకండి అన్నది మాయిదా సూరా బోధ సారాంశం. సైటును తేటగా, వేగంగా, అందరికీ అర్థమయ్యేలా తీర్చిదిద్దడం హలాల్‌ సంపాదనే. నకిలీ సమీక్షలు రాయమంటే మాత్రం మర్యాదగా కాదనాలి. కొలువు పోతుందన్న భయం చిన్నది కాదు, మాకు తెలుసు. అలాంటి బిడ్డకు ఇంట్లోవాళ్ళు అండగా నిలవాలి. జీతం తగ్గినా ఫరవాలేదని తల్లిదండ్రులు అనగలిగితే అతనికి సగం బలం వచ్చినట్టే.

నిజాయితీ దారి ఏది?

మోసం వద్దన్నంత మాత్రాన చేతులు ముడుచుకు కూర్చోమని కాదు. అత్తరు వ్యాపారినే తీసుకుందాం. ఆయనకు తన సరుకు గురించి ఎంతో తెలుసు. గంధపు నూనెలోకి దించిన అత్తరుకు, రసాయనాలతో చేసిన పరిమళానికి తేడా ఏమిటి, ఎండాకాలంలో ఏది నిలుస్తుంది, చర్మానికి పడనివారు ఎలా పరీక్షించుకోవాలి - ఇవన్నీ సులువైన తెలుగులో వ్యాసాలుగా రాసి తన సైటులో పెట్టవచ్చు. జనం నిజంగా అడిగే ప్రశ్నలకు అవి జవాబులు. కొనకపోయినా చదివినవాడికి మేలు జరుగుతుంది. ఎవరైనా తమంతట తాము ఆ వ్యాసానికి లింకు ఇస్తే అది నిజమైన సాక్ష్యం.

ధర, చిరునామా, దుకాణం తెరిచే వేళలు సరిగ్గా రాయాలి. శీర్షికలో ఉన్నది పేజీలోనూ ఉండాలి. రసాయన పరిమళాన్ని 'అసలు గులాబీ అత్తరు' అనకూడదు. ఎదుటివారి ఫొటోలు, రాతలు ఎత్తుకురాకూడదు. యంత్రం చేత వందల పేజీలు రాయించి నింపకూడదు. స్థానం కోసమే అలా కుప్పలు పోయడాన్ని గూగుల్‌ 2024 మార్చిలో తన నిబంధనల్లో దుర్వినియోగంగా పేర్కొంది. కొన్నవారిని సమీక్ష రాయమని అడగవచ్చు గానీ ఏం రాయాలో వారికే వదిలేయాలి.

ఇలా చేస్తే తప్పకుండా మొదటి స్థానం వస్తుందా? అలాగని మేము మాట ఇవ్వలేం. నిజాయితీపరుడు మూడో పేజీలోనే ఉండిపోవచ్చు. అబద్ధాల దుకాణం ఏళ్ళ తరబడి పైన వెలగవచ్చు. పరీక్ష ఉన్నది అక్కడే. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, లోపం దాచకుండా ఉంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హదీసు చెబుతోంది. శుభం (బర్కత్‌) అంటే గిరాకీల లెక్క కాదు. తక్కువైనా హలాల్‌ అయిన అన్నం, నిశ్చింతగా పట్టే నిద్ర, లెక్క చెప్పవలసిన రోజున వణకని గుండె.

చివరగా ఒక్క మాట. తాము కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం తప్పదని ముతఫ్ఫిఫీన్‌ సూరా హెచ్చరిస్తోంది. మన బిడ్డకు జబ్బు చేసి మంచి వైద్యుని కోసం ఫోనులో వెతికినప్పుడు, అక్కడ కనిపించే ప్రతి మాటా నిజమై ఉండాలని కోరుకుంటాం. కొన్న సాక్ష్యాలు, నకిలీ పొగడ్తలు మనకు ఎదురుకాకూడదనుకుంటాం. మరి మన దుకాణం కోసం వెతుకుతూ వచ్చేవాడికి మనం కొలిచి ఇస్తున్నది ఏమిటి? తీసుకునే కుంచం ఒకటి, ఇచ్చే కుంచం ఒకటి కాకూడదు.

అల్లాహ్‌ మన సంపాదనలను హలాల్‌గా ఉంచి, మన మాటలో, రాతలో, బేరంలో సత్యాన్ని నిలుపుగాక! ఆమీన్‌.