నీల్ విగ్రహం దిగింది, మనసులోది దిగిందా?

 

ఈసారి ఒక కంచు విగ్రహం గురించి మాట్లాడుకుందాం. మద్రాసులో ఇప్పుడు అన్నా సాలై అంటున్న రోడ్డును మన తాతల కాలంలో మౌంట్ రోడ్డు అనేవారు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ రోడ్డు మీద, వచ్చేపోయే జనం తలెత్తి చూసేలా, ఒక దొర విగ్రహం ఉండేది. ఆ దొర పేరు జనరల్ నీల్. మద్రాసు ఫ్యుజిలీర్స్ అనే పటాలాన్ని నడిపించినవాడు. 1857 తిరుగుబాటును అణచడానికి ఉత్తరాదికి వెళ్లి, అదే సంవత్సరం సెప్టెంబరు 25న లక్నోలో చనిపోయాడు. మాథ్యూ నోబుల్ అనే ఇంగ్లీషు శిల్పి చేత అతని విగ్రహం చేయించి, వీరుడని పొగిడి నిలబెట్టారు.

విగ్రహం కనబడగానే దండ వేయడమో రాయి వేయడమో కాదు మన పని. ముందు ప్రశ్నించాలి. ఈయన ఏం చేశాడు? ఎవరికి చేశాడు? విని నమ్మెయ్యకుండా పరీక్షించి చూడమనే కదా తథాగతుడు కాలాములకు చెప్పింది.

నీల్ చేసింది చూడండి. అలహాబాదు చుట్టుపక్కల ఊళ్లు తగలబెట్టించాడు. జనాన్ని గుంపులు గుంపులుగా ఉరి తీయించాడు. తర్వాత కాన్పూరు చేరాడు. అక్కడ అప్పటికే ఒక ఘోరం జరిగిపోయింది. జులై 15న బీబీఘర్ అనే ఇంట్లో బందీలుగా ఉన్న దాదాపు 200 మంది ఇంగ్లీషు ఆడవాళ్లను, పిల్లలను చంపి బావిలో పడేశారు. ఇది కూడా పాపమే. మనవాళ్లు చేస్తే పుణ్యం, పరాయివాళ్లు చేస్తే పాపం అనే లెక్క పంచశీలలో లేదు.

ఆ ఘోరానికి బదులుగా నీల్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. ఉరిశిక్ష పడిన ప్రతి ఖైదీ చావబోయే ముందు ఆ ఇంట్లోకి వెళ్లి, నేల మీది రక్తపు మరకల్లో కొంత భాగం తన చేత్తో శుభ్రం చేయాలి. చేయనంటే కొరడా దెబ్బలు. కొందరి చేత నాలుకతో నాకించారు కూడా. ఎందుకంత పట్టుదల? నీల్ తానే రాసుకున్నాడు: రక్తం ముట్టుకుంటే పై కులాలవాళ్లు తమ ఆత్మ నాశనమైపోతుందని భయపడతారట. ఆ భయంతోనే వాళ్లు చావాలని అతని ఉద్దేశం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇందులో మనకు సంబంధించిన మాట ఒకటుంది. చరిత్ర పుస్తకాలు చాలావరకు దాన్ని దాటేసి పోతాయి.

నీల్ క్రూరుడు, నిజమే. కానీ ఆ కత్తిని అతను ఇంగ్లండు నుంచి తేలేదు. ఇక్కడే దొరికింది. మైల తుడవడం చావుకన్నా హీనమని ఈ దేశంలో ఒక ధర్మం అప్పటికే నేర్పి పెట్టింది. నీల్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, అంతే. మరి పై కులం సిపాయికి ఉరికన్నా భయంకరమైన శిక్ష ఏది? ఊడ్చడం, కడగడం, రక్తం తుడవడం. మన అమ్మమ్మలు, తాతలు రోజూ తెల్లారి లేచి చేసిన పని! ఒకడికి అది ఆఖరి గంటలో పడిన శిక్ష. మనవాళ్లకు అది పుట్టుకతోనే పడిన శిక్ష. నీల్ ఆజ్ఞ గురించి తలచుకుని బాధపడినవాళ్లు, ఆ రెండో శిక్ష గురించి ఎంతమంది బాధపడ్డారు?

ఇప్పుడు 1927కి వద్దాం. ఆ సంవత్సరం మద్రాసులో నీల్ విగ్రహం తీసెయ్యాలని సత్యాగ్రహం జరిగింది. వాలంటీర్లు సుత్తులు పట్టుకుని వెళ్లారు, జైళ్లకు పోయారు. పరాయి పాలకుడి క్రూరత్వాన్ని నడిబజారులో నిలబెట్టి మొక్కమంటే ఆత్మగౌరవం ఉన్నవాడు ఒప్పుకుంటాడా? వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

అదే 1927లో, మార్చి 20న, మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నారు. ఆయన వెంట వేలమంది నడిచారు. నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టారు. తిరగబడతామన్న జనాన్ని బాబాసాహెబ్ ఆపారు. చేతగాక ఆపలేదు. పగకు పగ అంటే ఎక్కడికి పోతుందో తెలిసి ఆపారు. కాన్పూరులో ఏమైందో చూశాం కదా. బీబీఘర్ రక్తానికి ఉరికొయ్యలు బదులైతే, ఏ లెక్కా సరిపోలేదు, పగ పెరిగింది. తర్వాత ఆ చెరువును ఆవుపేడతో, ఆవు మూత్రంతో శుద్ధి చేశారు. డిసెంబరు 25న బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించారు.

ఒకే సంవత్సరం, రెండు సత్యాగ్రహాలు. ఒకటి రోడ్డు మీది విగ్రహం మీద. ఇంకొకటి మనసుల్లో నిలబెట్టిన విగ్రహం మీద. రోడ్డు మీది విగ్రహం పదేళ్లకు దిగింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దాన్ని తీసి మ్యూజియంకు తరలించారు. మరి రెండోది?

ఆ మ్యూజియం ఏదనుకున్నారు? ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం. మన కృష్ణా తీరంలోని అమరావతి స్థూపం సున్నపురాతి ఫలకాలు చాలా ఉన్నది అక్కడే. ఆ ఫలకాల్లో చాలాచోట్ల బుద్ధుడు మనిషి రూపంలో కనబడడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, ధమ్మచక్రం, బోధి వృక్షం ఉంటాయి. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఖాళీ ఆసనానికి అంత గౌరవం ఎందుకు? అక్కడ కూర్చోవాల్సింది ధమ్మం కాబట్టి. తన తర్వాత మీకు గురువు ధమ్మమే అని తథాగతుడు చెప్పి వెళ్లాడు కాబట్టి.

ఇప్పుడు నీల్ ఆజ్ఞ పక్కన సునీతుడి కథ పెట్టి చూడండి. సునీతుడు రాజగృహంలో వీధులు ఊడ్చేవాడు. ఒకరోజు బుద్ధుడు భిక్షువులతో ఎదురొచ్చాడు. తన నీడ తగులుతుందేమోనని సునీతుడు గోడకు అంటుకుపోయి చేతులు జోడించాడు. బుద్ధుడు పక్కకు తప్పుకోలేదు. దగ్గరికెళ్లి పలకరించి, సంఘంలోకి రమ్మన్నాడు. జనరల్ ఏం చేశాడు? ఊడ్చడాన్ని శిక్షగా మార్చి మనిషిని కుంగదీశాడు. బుద్ధుడు ఏం చేశాడు? ఊడ్చే మనిషిని పైకి లేపి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇంకో మాట గమనించండి. ‘నీ పని పవిత్రమైంది, అదే చేసుకుంటూ ఉండు’ అని బుద్ధుడు అనలేదు. ఆ పొగడ్తలోని మోసాన్ని బాబాసాహెబ్ కూడా ఒప్పుకోలేదు. పుట్టుకతో మెడకు కట్టిన చీపురు ఊడిపోవాలి. అదీ ధమ్మం.

అయ్యా, అమ్మా, ఇప్పుడు మన ఇంటికి వద్దాం. దీక్ష తీసుకున్నాం. 22 ప్రతిజ్ఞలు చెప్పాం. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తున్నాం. మంచిదే. ఆయన విగ్రహం చేతిలో కత్తి ఉండదు, పుస్తకం ఉంటుంది. ఆయన వేలు ముందుకు చూపిస్తుంది. కానీ వ్యక్తి పూజ దిగజారుడుకు దారి అని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించిందీ ఆయనే. దండ వేసి వచ్చాక, ఆ వేలు చూపించిన వైపు నడుస్తున్నామా?

మున్సిపాలిటీ చెత్త బండి మన వీధిలోకి వస్తుంది. ఆ తల్లిని ‘అమ్మా’ అని పిలుస్తున్నామా, ‘ఏయ్’ అంటున్నామా? మంచినీళ్లు అడిగితే మనం తాగే గ్లాసులో ఇస్తున్నామా, వేరే గ్లాసు వెతుకుతున్నామా? మనలో మాల ఇల్లు మాదిగ ఇంటితో, ఆ రెండూ రెల్లి ఇంటితో సంబంధం కలుపుకోవడానికి ఎందుకు వెనకాడుతున్నాయి? మన కింద ఇంకొకడున్నాడని లోలోపల సంతోషపడుతున్నామంటే, నీల్‌కు దొరికిన కత్తి మన ఇంట్లో కూడా ఉన్నట్టే. మలమూత్రాలు మనుషుల చేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో, మళ్లీ 2013లో చట్టాలు వచ్చాయి. అయినా మ్యాన్‌హోళ్లలో దిగి చచ్చిపోతున్నది ఎవరి పిల్లలు?

ఈ నెలలో ఒక్క పని చేయండి. మీ వీధి ఊడ్చే కుటుంబాన్ని పేరు పెట్టి పలకరించి, మీ ఇంటికి పిలిచి, మీ పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టండి. వాళ్ల పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి. స్కాలర్‌షిప్పు ఫారం నింపాలంటే మన పిల్లల్ని తోడు పంపండి. వందన రోజున వాళ్లను విహారానికి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టండి. దయ చూపించినట్టు కాదు సుమా! అన్నదమ్ముల్ని పిలిచినట్టు పిలవాలి.

కంచు విగ్రహం తీయడానికి మోకులు, గొలుసులు చాలు. కులం విగ్రహం దింపడానికి మైత్రి కావాలి, రోజూ కావాలి.

జై భీమ్!